సార్ రాసిన పేజీని దిద్దడం

సోమవారం. ఇల్లు కడగడం, దోశల పిండి రుబ్బడం, కొట్టు లెక్క కంప్యూటర్‌లో ఎక్కించడం అయ్యాయి. కందిపప్పు ఏరుతుండగా కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. మా సార్ పోయారు.

నేను ఆయన దగ్గర తరగతిలో కూర్చుని చదువుకోలేదు. కోదాడ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారాయన. ఆయన శిష్యులు మిర్యాలగూడలో ధాన్యం కొట్లకూ రైసు మిల్లులకూ లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలను వాడేవాళ్లమే కలిసి ఇంటర్నెట్‌లో రాస్తాం. ఒకప్పుడు ఒకే సంగతి నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉండేది. దాన్నంతా ఒక వరసలో పెట్టింది సారే. సూర్యాపేటలో మా ధాన్యం కొట్టు లెక్కలు చూసే నేను, ఒక పేజీ అర్థం కాలేదని ఫోన్లో పోట్లాడితే, "మంచిది. అర్థమయ్యేట్టు నువ్వే రాయమ్మా" అన్నారు. అలా చేరాను.

రాసి పంపితే వెంటనే మెచ్చుకునేవారు కాదు. ఆ పేజీ ఎన్నడూ చూడని వాళ్లెవరికో ఫోన్ చేసి చదివి వినిపించేవారు. వాళ్లు ఎక్కడ "ఆఁ?" అంటే అక్కడ నాకు చీవాట్లు. "చదివేవాడు తీరిగ్గా లేడమ్మా. ఎదురుగా రైతు నిలబడ్డాడు, బయట ట్రాక్టరు హారన్ కొడుతోంది. వాడి కోసం రాయి." ఆ చీవాట్లే నాకు రాయడం నేర్పాయి. ఇంకొకరి వాక్యం తీసేయాలంటే మాత్రం ముందు వాళ్లను అడగాల్సిందే. "ఎందుకు రాశారో తెలీకుండా చెరపకు" అనేవారు.

కర్మ కాకముందే, హాలియా మిల్లులో లెక్కలు రాసే అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, సార్ పేజీ సూసుకుంటనే చేస్తున్న. కొత్త సీజన్ బటన్ నొక్కమంటున్నది. నొక్కాల్నా?"

"జర ఆగు చెల్లె! నొక్కకు!"

సాఫ్ట్‌వేర్ ఈమధ్యే మారింది. ముందుగా కాపీ తీసి పెట్టుకోకుండా ఇప్పుడా బటన్ నొక్కితే రైతుల పాత ఖాతాలన్నీ పోతాయి. పేజీలో ఆ మాట లేదు. దవాఖానలో ఉన్న సార్‌కు దాన్ని మార్చే వీలు లేకపోయింది.

పేజీలు రాసేవాళ్లమంతా ఉన్న ఫోన్ గ్రూపులో చెప్పాను. మిర్యాలగూడ శిష్యులు ఒప్పుకోలేదు. "సార్ యాదికి ఆయన పేజీలు గట్లనే ఉంచుదాం అక్కా. కొత్తది వేరే రాద్దాం" అన్నారు. అంటే మళ్లీ రెండు చోట్ల రెండు రకాలు. కోతలు మొదలవుతున్నాయి, అందరూ ఆ బటన్ నొక్కే రోజులివే. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకుండా నొక్కేవాళ్ల సంగతేమిటి? చెప్పకుండా మార్చేద్దామా అంటే, ముందుగా అడగాల్సిన మనిషే లేరు.

చివరికి సార్ భార్యకు ఫోన్ చేశాను. ఆమె అంతా విన్నారు.

"ఇన్నేళ్లూ నా చారులో ఉప్పు దిద్దారు, నేను రాసిన సరుకుల చీటీ కూడా దిద్దారు. ఆయన్ని దిద్దడానికి మీకంత మొహమాటమేంటమ్మా? తప్పని తెలిసీ ఉంచితే ఆయన ఊరుకునే మనిషేనా?"

ఆ మాటలే గ్రూపులో పెట్టాను. రాత్రికి మిర్యాలగూడ శిష్యుల్లో ఒకరు, "సరే అక్కా, కానియ్యి" అన్నారు.

ఆ బటన్ గురించి ఉన్న వాక్యానికి ముందు, కాపీ తీసుకోమని ఒక్క వాక్యం చేర్చి సేవ్ చేశాను. "ఇప్పుడు సూడు చెల్లె" అని హాలియాకు మెసేజ్ పెట్టాను. పేజీ అడుగున, చివరగా మార్చినవారు అన్నచోట, సార్ పేరు పోయి నా పేరు వచ్చింది. ఫోన్ తెర మసకబారినప్పుడల్లా వేలితో తాకుతూ, దాన్నే చూస్తూ కూర్చున్నాను.