పాటకూ పాటకూ మధ్య ఆవిడ చెప్పిన మాట

2010. తార్నాకలో నాకు రికార్డింగ్ షాపు ఉండేది. పాత క్యాసెట్లను సీడీలకు ఎక్కించే పని తప్ప అప్పటికి ఇంకేం మిగల్లేదు. తెలంగాణ ఉద్యమం రోజులు కదా, బంద్ లేని పూట చూసుకుని షట్టర్ ఎత్తేవాణ్ని. మాది గుంటూరు వైపు. యూనివర్సిటీ పిల్లలొస్తే ఆచితూచి మాట్లాడేవాణ్ని.

ఒకరోజు స్వరూప అనే రీసెర్చ్ స్కాలర్ ఒక క్యాసెట్ తెచ్చింది. అమెరికాలో తొలితరం జానపద గాయని, బొగ్గుగని కార్మికుడి భార్య, సమ్మెల్లో పాటలు కట్టి పాడిందట. ముసలితనంలో ఆవిడ పాడిన పాటలవి. అక్కడి ప్రొఫెసర్ ఒకాయన పంపాడు, ఇంకో కాపీ లేదు. స్వరూప థీసిస్ మొత్తం ఆవిడ మీదే. ఇవ్వడానికి నెలే గడువు.

టేపు పెళుసుబారింది. ఒక్కసారే ప్లే చేసి, పాటలన్నీ శుభ్రంగా ఎక్కించి ఇచ్చాను. మర్నాడే స్వరూప తిరిగొచ్చింది.

"అన్నా, పాటలే ఉన్నయి. నడుమ ఆమె మాట్లాడింది ఏడ పోయింది?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా రికార్డింగ్ షాపుల అలవాటది. క్యాసెట్‌లో ఇంకో పాట పట్టాలని, పాట ఆగగానే రికార్డింగ్ పాజ్ నొక్కేస్తాం. ఇరవై ఏళ్లుగా నా వేలు దానంతటదే అటు పోయేది. ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆవిడ చెప్పింది ఆ మధ్య మాటల్లోనేనట. స్వరూపకు కావలసింది అవే. ఎంత తెలివితక్కువ పని చేశాను!

దాచలేదు. "తప్పు నాదేనమ్మా. మళ్లీ తిప్పితే టేపు తెగొచ్చు. అతికిస్తాను గానీ, తెగిన చోట ఒకటి రెండు మాటలు పోతాయి."

ఆమె స్టూల్ లాక్కుంది. "తిప్పున్రి అన్నా. గీడనే కూసుంట."

టేపును కొత్త షెల్‌లోకి, అంటే క్యాసెట్ డొల్లలోకి, మార్చాను. రెండుచోట్ల తెగింది. స్ప్లైసింగ్ టేపుతో అతికించాను. చివరికి ఆ ముసలి గొంతు మాట్లాడింది. స్వరూప వింటూ నాకు తెలుగులో చెప్పింది. ఈ పాట నాది కాదు, గని దగ్గర నీళ్లు మోసే మనిషి నేర్పింది, పాడినప్పుడు ఆమెనూ తలచుకోండి అంటోందట. చెబుతూనే స్వరూప ఏడ్చేసింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను.

గడువులోపే థీసిస్ ఇచ్చింది. ఆ నెలలోనే క్యాంపస్‌లో ఉద్యమ పాటల సభ. రికార్డు చెయ్యమని నన్నే పిలిచింది. "నేనెందుకమ్మా, నా యాస వింటే ఏమంటారో" అన్నాను.

"ఏమంటరు? మా పాటలు పట్టెటాయన అంటరు. పాజ్ మాత్రం నొక్కకున్రి."

పాటను పదిలపరచడమంటే దాన్ని నేర్పిన మనిషిని కూడా పదిలపరచడమేనని నాకు ఆ క్యాసెట్టే నేర్పింది. సభలో మొదటి పాట పాడినామె ఊపిరి తీసుకుని, నాట్లేస్తూ తనకు ఆ పాట నేర్పిన అక్క గురించి చాలాసేపు చెప్పింది. రికార్డర్ తిరుగుతూనే ఉంది.