ఆఖరి స్టాపులో మంచినీళ్లు

సువార్తమ్మ టీచరు గారు ఇక లేరని బాపట్ల నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. ఎక్కడికో ప్రయాణమై ఉంటారులే, వచ్చాక కబుర్లు చెబుతారులే అనుకునే అలవాటు నా మనసుకు ఇంకా పోలేదు. తెనాలి బడిలో మాకు భూగోళం బోధించిన ఆ విదుషీమణి, పదవీ విరమణానంతరం ఆసియా ఖండంలో యాత్రికులు తొంగిచూడని మూలలకు ఒంటరిగా వెళ్లి వచ్చారు.

ఆమె జన్మస్థలం రేపల్లె. ఈ వయసులో ఈ తిరుగుళ్లేంటని ఎవరైనా అడిగితే, "రైలు పట్టాలు అయిపోయే ఊళ్లో పుట్టానండి. ఆ అవతల ఏముందోనని చిన్నప్పట్నుంచీ అదే యావ" అనేవారు.

ఆమె యాత్రావిధానం విలక్షణం. ఏ దేశమైనా బస్టాండుకు వెళ్లి, కనబడిన పల్లెటూరి బస్సెక్కి, ఆఖరి స్టాపులో దిగేవారు. ఏదో ఒక గుమ్మం ముందు నిలబడి సైగలతో మంచినీళ్లు అడిగేవారు. "దాహమన్న మనిషిని ఎవరూ పొమ్మనరే. నీళ్లిచ్చాక కూర్చోమంటారు. కూర్చున్నాక ఇక మనవాళ్లే" అని నాతో చెప్పేవారు. లావోస్ కొండపల్లెల్లోనూ, కిర్గిజ్ పచ్చికబయళ్లలోనూ ఆమెకు ఆతిథ్యం లభించింది ఇలాగే.

మంగోలియాలో మాత్రం నీళ్లడిగితే ఆ ఇల్లాలు టీ ఇచ్చిందట. నోట్లో పోసుకుంటే ఉప్పు. పాపం, చక్కెర అనుకుని ఉప్పు వేసేసింది, తెలిస్తే భర్త ముందు చిన్నబోతుందని టీచరు గారు మొహం మార్చకుండా గిన్నె ఖాళీ చేశారు. ఖాళీ అయినప్పుడల్లా ఆ ఇల్లాలు మళ్లీ నింపింది. అక్కడ టీలో ఉప్పే వేస్తారని మర్నాడు గానీ తెలియలేదు. "నా కడుపు ఉప్పుమడి అయిందే" అంటూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవారు. ఆ నవ్వు మళ్లీ వినాలని ఉంది.

ఇంత తిరిగిన ఆమె చూడనిది, రేపల్లెలో బస్సెక్కితే వెళ్లగలిగిన అడవులదీవి అనే ఊరు. వెళ్దామండీ అని నేనెప్పుడు అడిగినా, "ఇష్టమైన కూర చివరి ముద్దకి ఉంచుకోవడం నాకలవాటే. అది మనిద్దరికీ ఉంచా" అనేవారు. పోయిన నెల మంచం మీద నుంచి కూడా, "ఈ జ్వరం తగ్గనీ, వెళ్దాం" అన్నారు. ఆ జ్వరం తగ్గలేదు.

సమాధుల తోటలో ఆమెపై మట్టి వేసి వచ్చిన మర్నాడు నేను ఆ బస్సెక్కి అడవులదీవిలో దిగాను. ఆమె నేర్పినట్టే ఒక గుమ్మం ముందు నిలబడి మంచినీళ్లు అడిగాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దావిడ లేచి గ్లాసు తెచ్చి, "ఒక్కదానివే వచ్చావా అమ్మా?" అంది.

"లేదండి, మా టీచరమ్మ గారితో వచ్చాను" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

ఆవిడ వీధి వైపు చూసింది. "ఆమెని ఎండలో నిలబెట్టావేంటమ్మా? రమ్మను" అని లోపలికి వెళ్లి, ఇంకో గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది.

టీచరు గారూ, మీరు లేని ఈ లోటు నాకు తీరేది కాదు. నా నివాళి ఇంతే. మీ నీళ్లు అరుగు మీద ఉన్నాయి.