పంజరం వైపు వీపు పెట్టి

"ఇవి బతకవు బాబాయ్! రెండు రోజులైంది, ఒక్క గింజ ముట్టలేదు."

గోడ అవతల నుంచి "ఏందీ?" అని వినిపించింది. ఈశ్వరయ్య బాబాయ్ నకరికల్లు దగ్గర కంకర క్వారీలో ముప్పై ఏళ్లు తూటాలు పేల్చిన మనిషి. చెవులు సగం పోయాయి. నరసరావుపేటలో మా పక్క వాటాలోనే ఉంటాడు. మళ్లీ అరిచి చెప్పాను.

మా నాలుగేళ్ల భవిత పుట్టినరోజుకి రెండు బడ్జీలు తెచ్చాం. షాపుల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న చిలకలు. ఒకటి పచ్చది, ఒకటి నీలంది. మనిషి దగ్గరికెళ్తే చాలు, ఊచలకేసి కొట్టుకునేవి. నేను జువాలజీ చదివాను. అంత చిన్న ఒళ్లు ఆకలికి ఎంతోసేపు తట్టుకోలేదని తెలుసు. అందుకే పది నిమిషాలకోసారి ఫోన్ లైటు వేసి చూస్తున్నాను, గింజల గిన్నెని వంటింటి తక్కెడ మీద తూస్తున్నాను.

బాబాయ్ వచ్చేసరికి నా ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో భవిత అన్నం గిన్నె.

"పంజరం హాలు మధ్యలో ఎందుకుంది? నీ కుర్చీ దానికెదురుగా ఎందుకుంది?"

"గమనించాలి కదా బాబాయ్."

"నువ్వు గమనిస్తన్నా అనుకుంటన్నావు. అవేమో పిల్లి కాపేసిందనుకుంటన్నాయి."

ఆయన భార్య రత్తమ్మ పిన్ని గోడ మీంచి తొంగిచూసి, "మెల్లగా ఒక్క మాట అనటం రాని మనిషి పిట్టల్ని మాలిమి చేస్తాడంట!" అంది.

"అందుకేగా మాట్లాడకుండా కూచుంటా. నువ్వూ అట్టా కూచోవే కాసేపు," అన్నాడాయన.

పంజరాన్ని మూలన బల్ల మీద పెట్టించాడు. రెండు వైపులా పాత దుప్పటి కప్పించాడు. వేరుశనక్కాయలు అడిగి తీసుకుని, ఆరడుగుల దూరంలో, పంజరం వైపు వీపు పెట్టి కింద కూచున్నాడు. ఒక్కో కాయా వలుచుకు తింటున్నాడు. అంతే.

అరగంటకే నేను ఆగలేకపోయాను. "ఒక్కసారి చూసొస్తా బాబాయ్."

"పది తూటాలకి వత్తి అంటిస్తాం. తొమ్మిది పేలతాయి, పదోది పేలదు. అప్పుడేం చెయ్యాల?"

"వెళ్లి చూడాలి."

"చూట్టానికి పోయినోళ్లు తిరిగి రాలా. దూరంగా కూచుని బీడీ కాల్చుకోవాల. చానాసేపు."

రెండు చేతులూ ఎత్తి చూపించాడు. పది వేళ్లూ ఉన్నాయి. ఆ పని చేసినవాళ్లలో అదెంత అరుదో నాకు తర్వాత పిన్ని చెప్పింది.

మధ్యాహ్నం మూడింటికి మూలలో చిన్నగా చిటుక్కుమంది. గింజ పొట్టు చిట్లిన చప్పుడు. అది ఆయనకి వినపడదు. నా మొహం చూసి తెలుసుకున్నాడు. నేను లేవబోతే అరచెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు కూడా వెనక్కి తిరగలేదు. ఇంకో రెండు కాయలు వలిచాడు.

రోజూ పొద్దున్నే వచ్చాడు. రోజుకో అర జానెడు దగ్గరికి జరిగాడు, వీపు అటే. పన్నెండో రోజున పంజరం తలుపు తీసి, కొర్ర కంకి పట్టుకున్న చెయ్యి లోపల పెట్టి, మొహం మాత్రం వీధి వైపు తిప్పుకున్నాడు. ఆ చెయ్యి ఎంతసేపు కదలకుండా ఉందో గడియారం చూశాను: ఇరవై రెండు నిమిషాలు. నీలంది ముందు కంకి పొడిచింది. తర్వాత, రాతిదుమ్ముతో గోళ్లు నల్లబడిన ఆ వేలి మీద కాలు పెట్టింది, రెండో కాలు కూడా.

"ఎక్కిందా?" అని నన్నడిగాడు. కళ్లలో నీళ్లతో తల ఊపాను.

ఆ రోజే, నేను అన్నం గిన్నెతో, తిననంటున్న భవిత వెంట తిరుగుతూ, పదకొండో ముద్ద అని లెక్కపెడుతుంటే చూశాడు. ఇంటికి వెళ్లిపోయి, గోడ అవతల నుంచి వీధంతా వినపడేలా చెప్పాడు. ఇప్పుడు మా ఇంట్లో అన్నాలు ఆయన చెప్పినట్టే తింటున్నాం.

"అమ్మాయ్! ఆ పిల్లకి ఎదురు కూచోమాక. దాని కంచం దాని దగ్గర పెట్టు. నువ్వు కాస్త అటు తిరిగి, నీ కంచంలో నువ్వు తిను."