ఎల్వుడ్ వెనక్కి ఇచ్చిన బ్యాడ్జీ

మా ఎల్వుడ్‌తో కాపురమంటే నిప్పులు కడిగే మనిషితో కాపురమే. బడి బస్సు నడిపినన్నాళ్ళూ, రోడ్డు మీద పురుగైనా లేని తెల్లవారుజామున కూడా మలుపు మలుపుకీ సిగ్నల్ లైటు వేసేవాడు. అదంతా భరించాను. నిరుడు కొండలెక్కేవాళ్ళ క్లబ్బు విందులో చేసిన పని మాత్రం చచ్చేదాకా మరిచిపోను.

మా అడిరొండాక్స్ కొండల్లో క్లబ్బు జాబితాలోని శిఖరాలన్నీ చలికాలంలో ఎక్కినవాళ్ళకు ఓ గుడ్డ బ్యాడ్జీ ఇస్తారు. అరచేతిలో పట్టేంత ముక్క. దానికోసం ఎల్వుడ్ సగం జీవితం మంచులో తగలేశాడు. తీరా అది చేతికొచ్చాక, హాలు గోడ మీద బార్లో అనే కొండ ఫొటో చూసి లేచి నిలబడ్డాడు. వేసవిలో తీసిన ఫొటో అది, శిఖరం మీది పేరు బోర్డుతో సహా.

"నేనెక్కింది ఇది కాదు, దీని పక్క గుట్ట. శిఖరం బోర్డు మంచు కింద ఉందనుకుని దిగొచ్చేశాను," అని చెప్పి బ్యాడ్జీ వెనక్కి ఇచ్చేశాడు. నేను కోటు పట్టుకుని లాగుతూనే ఉన్నాను. వింటేనా!

ఇక ఈ మార్చిలో మళ్ళీ బార్లో కొండ ఎక్కుతానన్నాడు. ఏప్రిల్‌లో తుంటి ఆపరేషన్. ఆ తర్వాత కొండల మాట ఎత్తొద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. అంటే ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు. ఆ కుంటి నడకతో వెంట వచ్చేవాళ్ళెవరూ దొరకలేదు. చేసేది లేక నేనే బయల్దేరాను. మధ్యాహ్నం రెండయితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ఇద్దరం మాట ఇచ్చుకున్నాం. ఆ నియమం పెట్టిందీ ఆ మహానుభావుడే.

ముందు హాచ్ కొండ ఎక్కి, అక్కడి నుంచి కొండ వీపు మీదుగా బార్లో కొండకి పోవాలి. వేసవిలో తలెత్తి చూసే దారి గుర్తులు మోకాళ్ళ దగ్గర కనిపిస్తున్నాయి. అంత మంచు! మంచులో దిగబడకుండా వెడల్పాటి స్నో షూస్ వేసుకున్నా ప్రతి అడుగూ తొక్కి గట్టి చేసుకోవాల్సిందే. కాసేపు అతను ముందు, కాసేపు నేను. నా తల ప్రాణం తోకకొచ్చింది.

"వెనక్కి పోదాం పద," అన్నాను.

"ఇంకాస్త దూరమే."

"పొద్దుట్నుంచీ ఆ 'ఇంకాస్తే' నడుస్తున్నాం!"

వెనక చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే టోపీ, చేతులు మాత్రమే ఉన్నాయి. మంచులో మునిగిన సూదాకుల ఫర్ చెట్టు కొమ్మల కింద బోలుగా ఉంటుంది. అందులో చంకలదాకా దిగబడ్డాడు.

"ఆర్డిత్, కాస్త చెయ్యివ్వు."

"ఇవ్వను. అక్కడే ఉండు. మంచు కరిగాక వచ్చి తీసుకెళ్తా."

"థర్మాస్ నీ దగ్గరే ఉందిగా?"

"తుంటి పోతుంటే టీ గోలేమిటయ్యా నీకు!" అని తిట్టుకుంటూనే పైకి లాగాను.

చివరికి ఓ గుట్ట ఎక్కాం. "అప్పుడు నేను ఆగింది ఇక్కడే," అన్నాడు. ఎదురుగా, చిన్న పల్లం దాటితే, అసలు శిఖరం. కేకేస్తే వినపడేంత దూరం. ఎల్వుడ్ దాన్ని కళ్ళారా చూశాడు. వాచీ చూసుకున్నాడు. వెనక్కి తిరిగాడు.

"రెండయింది. పద."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చస్తావా? అదిగో, కనిపిస్తోంది కదయ్యా!"

"మాటంటే మాటే."

"నీ మాట నువ్వే ఉంచుకో!" అని నేను పల్లంలోకి దిగేశాను. తోడొచ్చిన మనిషిని వదిలేసి దిగిపోయేవాడు మా కొండల్లో ఉండడు. ఎల్వుడ్ అసలే ఉండడు. ఆ ధైర్యంతోనే నడిచాను.

"ఆర్డిత్! మాట తప్పుతున్నావు!"

"తప్పుతున్నా! పోయి క్లబ్బులో చెప్పుకో!"

నడుముదాకా మంచు. ఒక్కదాన్నే తొక్కుకుంటూ పోయాను. వెనకాల కుంటుతూ, గొణుగుతూ వస్తూనే ఉన్నాడు. పైన బోర్డు లేదు. "బోర్డు ముట్టుకోనిదే ఒప్పుకోను," అన్నాడు. దేవుడా అనుకుంటూ స్నో షూ ఊడదీసి తవ్వాను. చేతులు కొంకర్లు పోయాక ఓ చెక్క మూల తగిలింది. ఎల్వుడ్ గ్లవ్ తీసి దాని మీద చెయ్యి ఆనించాడు. రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

"ఏడవకు, కన్నీళ్ళు గడ్డకడతాయి," అని కసిరాను.

మే నెల విందులో బ్యాడ్జీ మళ్ళీ ఇచ్చారు. చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. మళ్ళీనా అనుకుంటూ కోటు పట్టుకున్నాను.

"ఒక మాట చెప్పాలి. రెండింటికి నేను వెనక్కి తిరిగాను. తిరగనివ్వనిది ఈవిడ. ఆఖరి దారంతా తొక్కింది, బోర్డు తవ్వి తీసింది ఈవిడే. కాబట్టి ఇది నాది కాదు," అని బ్యాడ్జీ నా ఒళ్ళో పెట్టాడు.

హాలంతా ఒకటే నవ్వులు, చప్పట్లు. నాకు మాత్రం కాల్చుకు తిందామన్నంత కోపం. జన్మలో ఎక్కింది రెండు కొండలు, నాకెందుకు బ్యాడ్జీ?

ఇంటికొచ్చి, మందపాటి సూది తీసి, దాన్ని అతను కొండలకి మోసుకెళ్ళే పాత సంచికి కుట్టేశాను. చుట్టూ మూడు వరసలు కుట్టాను. మళ్ళీ ఎవరికైనా వెనక్కి ఇవ్వాలనిపిస్తే సంచి చింపుకోవాల్సిందే. ఎల్వుడ్ పక్కన కూర్చుని, చివరి ముడి పడేదాకా దీపం పట్టుకున్నాడు.