కూతాయన పతకం వెండిదేనా

మా తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళు మా అమ్మతోనే పోయారు. ఊరందరికీ వాడు కూతాయనే. నూలుమిల్లులో షిఫ్టు మారే వేళకి గొలుసు లాగి ఆవిరికూత కూయించడం వాడి ఉద్యోగం. ఈమాత్రం దానికి మనిషెందుకు అంటారేమో, టైముకి లాగాలి కదా! పిల్లల్ని బడికి తోలేవాళ్ళు, బియ్యం పొయ్యి మీద పడేసేవాళ్ళు, మాత్రలు మింగేవాళ్ళు, అందరూ వాడి కూత మీదే బతికారు. సొంత పెళ్ళిలో కూడా మధ్యలో లేచిపోయి కూత వేసొచ్చిన మహానుభావుడు. ఆవేళ నుంచీ మా మరదలు ఆ కూతని ‘నా సవతి’ అనే అంటుంది.

ఆ సవతి పక్కన కూర్చుని కూర్చుని వాడికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగం మిగిలింది. మా మరదలు ఇది బాగా వాడుకుంది. పని చెప్పాలంటే కుడివైపు నిలబడుతుంది, తిట్టాలంటే ఎడమవైపు.

వాడు ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆవిరికూత తీసేసి కరెంటుది పెట్టారు. ఆ తర్వాత మిల్లుకి యాభై ఏళ్ళు నిండాయని పాత పనివాళ్ళందరికీ తలా ఒక పతకం ఇచ్చారు. ఒకవైపు పొగగొట్టం బొమ్మ, రెండోవైపు ‘మీ సేవకు గుర్తు’ అని అక్షరాలు. మేనేజరు మైకులో వెండి పతకాలన్నాడు. మా మరదలు దాన్ని చేతిలో ఆడించి చూసింది.

“ఇది వెండైతే, వదినా, మన అంట్లగిన్నెలు కూడా వెండివే.”

ఆ మాట కుడివైపు నుంచే అంది. వాడికి ఎక్కడో గుచ్చుకుంది. తిన్నగా టీ కొట్టుకి పోయి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా చెప్పేశాడు. “వెండైతే ఆదివారం మిల్లులో కొత్త షెడ్డు తెరిచే సభకి మెళ్ళో వేసుకెళ్ళి ముందు వరసలో కూర్చుంటా. కాదా, మేనేజరు బల్ల మీద విసిరికొట్టి వస్తా!”

ఇంకేముంది, వాడు వీధిలోకొస్తే చాలు, “కూతాయనా, తేలిందా?” అని అడిగేవాళ్ళే.

నేను మందలించాను. “ఒరేయ్, ఇచ్చారు, పుచ్చుకున్నావు. దాని పుట్టుపూర్వోత్తరాలు నీకెందుకురా?”

“చెవులిచ్చానక్కా వాళ్ళకి,” అన్నాడు. “బదులు రేకుముక్క ఇచ్చారంటే, ఇన్నాళ్ళూ నన్నేమనుకున్నట్టు?”



మొదటి పరీక్ష మోత. వెండైతే నేల మీద పడగానే ఖంగుమంటుందని ఎవరో చెప్పారు. పడేస్తాడు సరే, వినేదెవరు? పెళ్ళాన్ని కూర్చోబెట్టి పడేశాడు.

“టప్పుమంది,” అంది మా మరదలు.

“మళ్ళీ విను.”

“మళ్ళీ టప్పే. చెవులు తీసుకెళ్ళి నా సవతికి ధారపోసి, ఇప్పుడు నన్ను వినమంటారేం?”

నిజానికి అది కాస్త మోగింది. మొగుడూ పెళ్ళాల మధ్య దూరడం నాకెందుకని ఊరుకున్నాను.

రెండోది ఐసు పరీక్ష. వెండి మీద ఐసు ఇట్టే కరిగిపోతుందట. వాడు స్టూలు మీద పతకం, పతకం మీద ఐసు ముక్క, పక్కన పోలికకి ఉత్త స్టూలు మీద ఇంకో ముక్క పెట్టి, సాక్షుల్ని పిలవడానికి పోయాడు. పెట్టింది ఎర్రటి ఎండలో! అందరూ వచ్చేసరికి రెండుచోట్లా తడే మిగిలింది.

“అయితే మా స్టూలు కూడా వెండిదే,” అంది మా మరదలు.

చివరికి శనివారం ముగ్గురం కంసాలి దగ్గరికి పోయాం. ఆయన ముందువైపు గీస్తానంటే మావాడు పొగగొట్టం పోతుందన్నాడు, వెనకవైపంటే అక్షరాలు పోతాయన్నాడు. సరేనని అంచుని గీటురాయి మీద రుద్ది, ఆసిడ్ చుక్క వేసి చూశాడు కంసాలి. “వెండే!” అన్నాడు.

మా తమ్ముడి ముఖం చూడాలి! ఆ సంబరం దుకాణం గడప దాటలేదు.

“పైన వెండే. మరి లోపల?” అంది మహాతల్లి.

“లోపలి సంగతి కోస్తే గానీ తెలీదమ్మా,” అన్నాడు కంసాలి.

“కొయ్!” అన్నాడు మావాడు.

“ఒరేయ్, మనిషి బతికున్నాడో లేడో కోసి చూస్తారట్రా?” అని నేను అరిచింది, నా ఖర్మ, వాడి ఎడమవైపు నుంచి. రంపం పొగగొట్టాన్ని నిలువునా చీల్చేసింది. లోపల పచ్చగా ఇత్తడి.

వాడు రెండు ముక్కలూ గుప్పిట్లో బిగించి, మిల్లులో పోతపోసే స్నేహితుడి ఇంటికి నడిచాడు. జవాబు వాడికి వినబడదు కదా అని వెనకే నేను.

“వెండని మోసం చేస్తార్రా?” అని ముక్కలు చూపించాడు.

ఆ స్నేహితుడు వాడి కుడిచెవి పట్టుకుని అరిచాడు. “పూత సంగతి నాకు తెలీదురా! లోపలిది మాత్రం నేనే పోశాను. పీకేసిన ఆవిరికూత తెచ్చి పడేసి కరిగించమన్నారు. అందరి పతకాలూ అందులోంచే!”

“ఏ కూత?”

“నీ కూతేరా!”

వాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అడిగాడు. వినబడక కాదు, అది మంచి చెవే.

“గొలుసు పిడి కూడానా?” అన్నాడు ఆఖరికి.

“పిడి కూడా.”

ఆదివారం ఊరంతా సభకి ఎగబడింది, బల్ల మీద ఎలా విసురుతాడో చూద్దామని. వాడు రెండు ముక్కలకీ బెజ్జాలు వేయించి, తాడు కట్టి మెళ్ళో వేసుకొచ్చాడు. ముందు వరసలోనే కూర్చున్నాడు. మేనేజరు చూసి, “అయ్యో, విరిగిందా? వేరేది ఇప్పిస్తాం,” అన్నాడు.

“వద్దు సార్. నాది లోపల బాగుంది.”

అక్కడితో ఆగాడా? వరసలో ఉన్న ముసలాళ్ళందరి పతకాలూ పట్టుకుని చూడటం మొదలెట్టాడు. “అందులో నా కూత ఉంది, జాగ్రత్త! చెమట తగలనివ్వకు, చిలుమెక్కుతుంది.” ఒకాయనైతే భయపడి తీసి జేబులో దాచుకున్నాడు.

ఇంటికొచ్చాక మా మరదలు తలకొట్టుకుంది. “ఇన్నాళ్ళూ మిల్లులో ఉండేది వదినా, ఇప్పుడు మెళ్ళోనే వేసుకొచ్చారు నా సవతిని!”

ఇప్పుడు షిఫ్టు మారే వేళకి గుమ్మంలో నిలబడి రెండు ముక్కలూ ఒకదానికొకటి కొడతాడు. తల పక్కకి వంచి, “మోగిందా?” అని అడుగుతాడు.

మా మరదలు కుడివైపుకి వచ్చి, “మోగిందిలెండి,” అంటుంది. ఆ తర్వాత ఎడమవైపుకి నడిచి, చెప్పాల్సిందంతా చెప్పి, బియ్యం పొయ్యి మీద పెడుతుంది.