తర్వాతి మాట వచ్చేదాకా

పగలంతా బస్సులో స్టాపుల పేర్లు అరిచి, సాయంత్రం హాల్లో జానపద నృత్యానికి అడుగుల పేర్లు అరవడం ఇరవై ఏళ్లుగా కండక్టర్ బాబాయి కొలువు. దరువు కన్నా ఒక్క దెబ్బ ముందే మాట పడాలి. తర్వాతి మాట వచ్చేదాకా పాత అడుగు ఆగకూడదు. ఈ రెండు నియమాలూ ఆయన పెట్టినవే.

ఆ రోజు "ఇక నా వల్ల కాదర్రా" అని చెప్పేద్దామనే వచ్చాడు. నోరు తెరిచేలోపే డోలు మొదలైంది.

"చేతులు కలుపు! జోడీ మార్చు! గిర్రున తిరుగు!"

అంతే, గొంతు పూడుకుపోయింది. కుర్చీలో కూలబడి నీళ్ల సీసా మూత తీశాడు. ఆడేవాళ్లు పదహారు మందీ తిరుగుతూనే ఉన్నారు.

"కళ్లు తిరుగుతున్నాయి, ఏదో ఒకటి చెప్పు బాబాయ్!" అంది టైలరమ్మ, తనూ ఆగకుండానే.

ఆగడానికి కూడా నేనే చెప్పాలా అని లోలోపల విసుక్కుని, "ఆగు" అన్నాడు బొంగురుగా.

అందరూ గోడలు పట్టుకుని రొప్పారు. "ఇవాళ ఆ తిరుగుడు అదిరింది బాబాయ్," అంది టైలరమ్మ చెమట తుడుచుకుంటూ. "రేపూ అంతసేపు ఉంచు."

చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చింది. పదహారు జతల కాళ్లు అప్పటికే వరసలో నిలబడి, తర్వాతి మాట కోసం చూస్తున్నాయి.

"మొదటి నుంచి," అన్నాడు బాబాయి.