జర గీ కొస పట్టు

సూర్యాపేటలో మంగయ్య ఇంటి గేటు తీసిన మనిషి చుట్టం కావచ్చు, పక్కింటివాడు కావచ్చు, అడ్రసు తప్పి వచ్చినవాడైనా కావచ్చు, చెప్పులు విడిచేలోపు అతని చేతిలో చెక్క పడుతుంది. "జర గీ కొస పట్టు" అంటాడు మంగయ్య. మంచినీళ్ళు తర్వాత, క్షేమసమాచారాలు తర్వాత. ముందు కొస.

ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. స్తంభం ఎక్కినంత కాలం కింద ఎవరో ఒకరు తాడు పట్టుకుని నిలబడేవారు కదా, నేల మీదికి దిగినా ఆ అలవాటు పోలేదని భార్య అలివేలు అంటుంది. ఇల్లు కట్టేటప్పుడు ఆయన కారు షెడ్డు కూడా కట్టించాడు. కారు మాత్రం కొనలేదు.

"కారు లేంది షెడ్డెందుకు నాయినా?" అని కొడుకు ప్రేమ్‌కుమార్ అడిగాడు.

"షెడ్డుంటె కారన్న కొనొచ్చు. కారుంటె షెడ్డు కొనొస్తదా?" అన్నాడు మంగయ్య.

ఎంతకీ కారు రాకపోయేసరికి, ఖాళీగా ఉన్న షెడ్డులో ఒక పనిబల్ల చేసిపెట్టాలని మంగయ్యకు బుద్ధి పుట్టింది. రంపంతో కోసినా, పాత ఫ్యాను విప్పినా, నడుం వంచకుండా నిలబడి పని చేసుకోవడానికి గట్టి బల్ల.

కొత్త కలప కొనడం వాళ్ళ వంశంలోనే లేదు. ప్రేమ్‌కుమార్ మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాడు. మిల్లుకు యంత్రాలు దిగే చెక్కపెట్టెలు ఆ తర్వాత పొయ్యిలోకి పోతాయని విని, మంగయ్య ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని నేరుగా మిల్లు ముందు దిగాడు. హమాలీలు, గుమాస్తాలు, ఓనరు అందరూ చూస్తుండగా కొడుకును కేకేసి "జర గీ కొస పట్టు" అన్నాడు. ప్రేమ్‌కుమార్ ఇస్త్రీ చొక్కాతో పట్టాడు. సంగతేమిటో చూద్దామని దగ్గరికి వచ్చిన ఓనరు, ఎట్లా జరిగిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు కాని, రెండో కొస పట్టాడు. ఆ తర్వాత చాలా రోజులు ప్రేమ్‌కుమార్ ఓనరు కంటపడకుండా తిరిగాడు.

ఇగ చూడాలి ఆ ఇంటి వైభవం. గ్యాస్ బండ తెచ్చినతను బల్లకాలు పట్టుకుని నిలబడిపోతే, వీధిలో మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి బండలు తామే దొర్లించుకుపోయారు. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి పెన్‌పహాడ్ నుంచి వచ్చిన బంధువుకు రెండు చేతులూ చెక్కకే చాలకపోతే, పత్రికను పళ్ళతో పట్టుకుని అందించాడు. అలివేలు దాన్ని కొంగుతో తుడిచి లోపల పెట్టింది.

అందరికంటే ఎక్కువ కాలం పట్టినవాడు పక్కింటి సాంసన్ సారు. రిటైరైన హెడ్మాస్టరు. జీవితమంతా పిల్లల్ని బెంచీ ఎక్కించిన ఆ పెద్దమనిషి, సాయంత్రం కాగానే వచ్చి ఈ బల్ల పక్కన నిలబడేవాడు.

"మంగయ్యా, చెయ్యి గుంజుతోందయ్యా."

"జర ఓపిక పట్టుండ్రి సారూ. జిగురు పచ్చిగున్నది."

"నిన్న కూడా పచ్చిగానే ఉందన్నావు?"

"నిన్నటిది వేరే జిగురు సారూ."

పనితెలిసిన వడ్రంగి టిఫిన్‌కూ భోజనానికీ మధ్య తేల్చేసే బల్ల ఎండాకాలంలో మొదలై వానాకాలం దాటినా కాళ్ళ దగ్గరే ఉంది.

ప్రేమ్‌కుమార్‌కు ఇదంతా నామోషీగా ఉండేది. పైగా అప్పుడు అతని సంసారమే సరిగ్గా లేదు. భార్య సరళ అలిగి కోదాడలో పుట్టింట్లో ఉంది. తప్పు అతనిదే. గరిడేపల్లిలో బంధువుల ఇంట విందులో ఎవరో "నీ భార్య ఏం జేస్తది?" అని అడిగితే, ఇతను పప్పు కలుపుకుంటూ, "ఏం జెయ్యది, ఇంట్ల ఊకెనే ఉంటది" అన్నాడు. సరళ బీఈడీ చదివింది. అత్త మోకాలి ఆపరేషన్‌కు దవాఖానలో ఆమెతోపాటు ఉన్నది, ఇల్లంతా నడిపింది, సందు దొరికితే టీచరు పరీక్షకు చదువుకుంది. ఆ మాట అన్నప్పుడు వెనక వరసలో వడ్డిస్తోంది. గొడవేమీ చేయలేదు. సాంబారు బకెట్టు కింద పెట్టి కోదాడ బస్సెక్కింది.

తర్వాత ఇతను ఫోన్ చేసి "వస్తవా, రావా?" అని అడిగాడు. అట్లా అడిగితే ఎవరైనా ఏమంటారు? "రాను" అంది. ఇగ అక్కడినుంచి మాటలు బంద్.

ఇప్పుడు కోదాడలో ఒక స్కూలువాళ్ళు ఆమెను టీచరుగా తీసుకున్నారు. సర్టిఫికెట్లు సూర్యాపేట బీరువాలో ఉన్నాయి. ఆదివారం వచ్చి, అవి తీసుకుని, వెంటనే తిరుగుబస్సుకు పోతానని అత్తకు ఫోన్‌లో చెప్పింది. సర్టిఫికెట్లు కూడా పోతే ఇంక ఈ ఇంటికి ఆమె రావాల్సిన పని లేదని ప్రేమ్‌కుమార్‌కు తెలుసు. ఆమెతో ఏం మాట్లాడాలో ఆదివారం తెల్లవారుతూనే మొదలుపెట్టి అద్దం ముందు తయారుచేసుకున్నాడు. గేటు చప్పుడు వినగానే అంతా మరిచిపోయాడు.

సరళ గేటు తీసింది.

"వచ్చినవా బిడ్డా? జర గీ కొస పట్టు" అన్నాడు మంగయ్య.

"మామయ్యా, నేను బస్సుకి వెళ్ళాలి."

"బస్సు ఇంకోటొస్తది. జిగురు రాసిన, ఆగది. పట్టు బిడ్డా. అరె ప్రేమూ! నువ్వు గా కొస పట్టు!"

అది బల్ల ముందువైపు రెండు కాళ్ళకు అడ్డంగా వచ్చే పొడుగు చెక్క. కాళ్ళ మీద పెన్సిలుతో గీత గీసి ఉంది. "గీత కాడికి సమంగ పట్టుండ్రి. ఇద్దరిల ఎవ్వలు వదిలినా మొత్తం ఖరాబైతది. స్క్రూలు అయిపోయినయి, ఇప్పుడే తెస్త" అని చెప్పి, మంగయ్య మోపెడ్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. ఆమె గేటువైపు చూసింది. అతను కప్పువైపు చూశాడు.

చివరికి అతనే అన్నాడు: "నీ దిక్కు కిందికి అయింది."

"నాది సరిగ్గానే ఉంది. నీదే పైకి లేచింది."

"నేను గీత కాడనే ఉన్న."

"గీత నీకు ఎప్పుడు కనబడింది గనక?"

సరళకు మోచేతులు నొప్పి పుట్టాయి. "ఇద్దరం ఇట్లా నిలబడటం దేనికి? బల్ల కింద పెట్టె ఉంది చూడు, అది నీవైపు ఆనించు. ఇటు నేను స్టూలు పెడతాను. నా బస్సు పోతోంది."

ప్రేమ్‌కుమార్ కాలు చాపి పెట్టెను ఇవతలికి లాగాడు. దాని మీద కప్పిన గోనెసంచి జారిపోయింది. లోపల చెక్కల్ని కరిపించి పట్టే ఇనుప క్లాంపులు వరసగా ఉన్నాయి. వాటి మరల్లో రంపపు పొట్టు ఇరుక్కుని ఉంది, అంటే బాగా వాడుతున్నవే. పక్కనే నిండా స్క్రూల డబ్బా. అతను గబుక్కున కాలి బొటనవేలితో గోనెసంచిని వెనక్కి లాగబోయాడు.

"ఏంటది?"

"ఏం లేదు."

"ప్రేమ్!"

"క్లాంపులు."

"అవి బిగిస్తే మనం పట్టుకోనవసరం లేదు కదా?"

"లేదు."

"మరి దాస్తావెందుకు?"

"బిగిస్తె నువ్వు పోతవు" అన్నాడు ప్రేమ్‌కుమార్. అద్దం ముందు తయారుచేసుకున్న మాటల్లో ఇది లేదు.

సరళ చెక్కను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అతనికి ధైర్యం వచ్చింది.

"గరిడేపల్లిల నేను తప్పు మాట్లాడిన."

"ఏం మాట్లాడావు?"

"నీకు తెల్సు గద."

"నీ నోటితో విందామని."

"ఊకెనే ఉంటదన్న. నువ్వు పోయినంక సూస్తె, ఇంట్ల ఊకెనే ఉన్నది నేనే. అమ్మ మందులు యాడున్నయో గూడ నాకు తెల్వదు."

"ఎత్తి పట్టు, జారుతోంది."

ఎత్తి పట్టాడు. "స్కూల్ల చేరు. కోదాడల ఉండాల్నంటె ఉండు. మిర్యాలగూడకు ఆడికెల్లి గూడ బస్సులున్నయి. నేనే ఆడికొచ్చి ఉంట."

"ఇల్లరికం వస్తావా?"

"పిలిస్తె వస్త."

సరళకు నవ్వు ఆగలేదు. "ఏం అక్కర్లేదు. నువ్వు రోజూ మిర్యాలగూడ పోయి రావట్లేదా? నేను కోదాడ పోయి వస్తాను. పొద్దున టిఫిన్ నువ్వు చెయ్యి."

"చేస్త. ఉప్మానే వస్తది."

ఇంతలో అలివేలు చాయ్ తెచ్చి, తెరిచిన పెట్టె చూసి గొంతు తగ్గించింది. "సూసిండ్రా! మీ నాయినతోని అనకుండ్రి. భార్య జానమ్మ పోయినంక సాంసన్ సారు తలుపు తియ్యలే, ఎవ్వలు పలకరించినా పలకలే. ఈయన పోయి 'సారూ, చెక్క పడుతున్నది, జర కొస పట్టుండ్రి' అంటె ఉరికొచ్చిండు. రమ్మంటె రానోడు పట్టుమంటె వస్తడంటడు మీ నాయిన. చేతిల ఏదన్న వెడితె నోరు తెరుస్తరట."

"మరి క్లాంపులు?" అంది సరళ.

"అందరు పోయినంక మీరు పట్టిందంత ఊడవీకి, క్లాంపులతోని మళ్ళ బిగిస్తడు. మనుషులు పట్టింది ఒక్కటన్న సక్కగ ఉండదంటడు."

నాయిన వెర్రిని చూసి ఇన్నాళ్ళూ తలదించుకున్నందుకు ప్రేమ్‌కుమార్‌కు సిగ్గేసింది. ఆ వెంటనే, ఆ వెర్రి తండ్రి మీద ప్రేమ పొంగుకొచ్చింది. బయట మోపెడ్ చప్పుడైంది. సరళ తన కొస వదలకుండానే కాలు చాపి పెట్టెను బల్ల కిందికి తోసి, బొటనవేలితో గోనెసంచి సర్ది, బుద్ధిగా నిలబడింది. అలివేలు చాయ్ గ్లాసులతో ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"స్క్రూలు తెచ్చారా మామయ్యా?"

"యాడిది బిడ్డా, ఆదివారం గద, దుకాణం బందున్నది."

"మరి ఆ సంచీలో ఏంటి?"

"మటన్ దుకాణం తెరిచుండె" అన్నాడు మంగయ్య అమాయకంగా.

సరళ భుజాన ఉన్న బ్యాగులో ఫోన్ మోగింది. కోదాడ నుంచి వాళ్ళమ్మ. సరళ చేతులు తీయలేదు. ప్రేమ్‌కుమార్ తన కొస వదిలి గబగబా వచ్చి, ఫోన్ తీసి ఆమె చెవికి ఆనించాడు.

"అమ్మా, ఇవాళ రాను... లేదే, కొట్టుకోలేదు... చెక్క పట్టుకున్నా... చెక్కే... వదిలితే ఖరాబైపోతుందట" అంటోంది సరళ.

మంగయ్య అటు చూశాడు. ప్రేమ్‌కుమార్ వదిలిన కొస పడలేదు, కనీసం కదలనైనా లేదు. జిగురు ఎప్పుడో పట్టేసింది. ఫోన్ గొడవలో ఉన్న వాళ్ళిద్దరూ అది గమనించలేదు. మంగయ్య మటన్ సంచి అలివేలు చేతిలో పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళి, ఆ కొస తానే పట్టుకుని నిలబడ్డాడు.